మడిగె కిరాయి దగ్గర గొడవ వస్తే న్యాయమైన లెక్క ఎలా తేల్చుకోవాలి

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనైనా, మహబూబ్‌నగర్ పాన్ చౌరస్తా దగ్గరైనా మడిగె (దుకాణం గది) కిరాయి గొడవ దాదాపు ఒకే తీరుగా మొదలవుతుంది. ఓనరు వచ్చి "వచ్చే నెల నుంచి ఇరవై వేలు ఇయ్యాలె" అంటాడు. దుకాణం నడిపే మనిషి "పది దాటితే నాతోని కాదు సేటూ" అంటాడు. ఇరవై ఎందుకు, పది ఎందుకు అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు ఉండదు. పక్క లైన్‌లో ఎవరికో అంత వస్తోందని ఒకరు విని ఉంటారు. ఇన్నేళ్లుగా ఇంతే కడుతున్నానని ఇంకొకరు పట్టుబడతారు. మాట మీద మాట పెరిగి, షట్టర్‌కు రెండో తాళం పడి, వ్యవహారం వకీలు నోటీసు దాకా పోతుంది.

ఇందులో నిజంగా తేల్చాల్సింది ఒక్కటే. ఇదే జాగాలో, ఇవే కొలతలతో, ఈ మడిగె ఈ రోజు ఖాళీగా ఉంటే ఒక కొత్త మనిషి ఎంతకు తీసుకుంటాడు? ఆ అంకెకు ఆధారం చూపించగలిగితే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మీరు ఓనరైనా, కిరాయిదారైనా చేయాల్సిన లెక్క ఒకటే కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ముందు కాగితం తీయండి

బీరువాలో ఉన్న కిరాయి అగ్రిమెంట్ బయటికి తీసి నాలుగు సంగతులు చూడండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉంది, కిరాయి ఎన్నాళ్లకు ఎంత పెంచాలని రాసుకున్నారు, అడ్వాన్స్ ఎంత, రిజిస్టర్ అయిందా లేదా.

గడువు ఇంకా ఉండి, పెంపు ఎంతో అందులోనే రాసి ఉంటే మీకు గొడవే లేదు. బజార్‌లో రేటు పెరిగిందని ఓనరు మధ్యలో ఎక్కువ అడగకూడదు. గిరాకి తగ్గిందని కిరాయిదారు తక్కువ కట్టకూడదు. రాసుకున్న మాటే చెల్లుతుంది.

మన దగ్గర ఎక్కువ మంది 11 నెలల అగ్రిమెంట్ ఒకసారి రాసుకుని, ఆ తర్వాత దాన్ని మళ్లీ ముట్టుకోరు. అలా గడువు దాటిపోయి, ఓనరు కిరాయి తీసుకుంటూనే ఉంటే అది మామూలుగా నెలనెలా కిరాయి కింద లెక్క. ఒక సంవత్సరం మించిన లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించాలి. మూడేళ్లకో ఐదేళ్లకో స్టాంప్ పేపర్ మీద రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే, అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టుకోవడం చాలా కష్టం. నెలనెలా కిరాయిని ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఉన్న దుకాణదారుకు ఈ సంగతి నోటీసు చేతికి వచ్చాక తెలుస్తోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ కాగితం ఈ రోజే చూసుకోండి.

మీ మడిగె ఏ చట్టం కిందికి వస్తుంది

"రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోతే న్యాయమైన కిరాయి ఫిక్స్ చేస్తాడు" అని చాలామంది నమ్ముతారు. ఆ మాట కొన్ని మడిగెలకే నిజం.

మన తెలంగాణలో అమల్లో ఉన్నది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం. దీన్నే రెంట్ కంట్రోల్ చట్టం అంటారు, దీని కింద కిరాయి గొడవలు విచారించే అధికారి రెంట్ కంట్రోలర్. ఇది మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఉన్న ఊళ్ల కోసం చేసింది. దాని 4వ సెక్షన్ ప్రకారం ఓనరు గానీ కిరాయిదారు గానీ దరఖాస్తు పెడితే, రెంట్ కంట్రోలర్ విచారణ చేసి న్యాయమైన కిరాయి నిర్ణయించాలి. ఏం చూడాలో కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది: ఆ ప్రాంతంలో అలాంటి భవనాలకు నడిచిన రేట్లు, ఇంటిపన్ను రికార్డులో రాసిన అద్దె విలువ, కేసు పరిస్థితులు. అయితే రేట్లను 1944 ఏప్రిల్ 5కు ముందు 12 నెలల కాలానికి చూడమంది. ఎనభై ఏళ్ల కిందటి బజార్ రేటుకు ఇప్పుడు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? దరఖాస్తు పెట్టేవారు కేసు పరిస్థితుల మీద, ఇప్పటి ఆధారాల మీద బలంగా నిలబడాల్సి వస్తుంది.

ఇంకా పెద్ద సంగతి 32వ సెక్షన్‌లో ఉంది. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనాలకు ఈ చట్టం వర్తించదు. 2005లో వచ్చిన సవరణ నాటికి నెల కిరాయి కార్పొరేషన్ పరిధిలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకు కూడా వర్తించదు. అంటే గడియారం సెంటర్ చుట్టుపక్కల, హైదరాబాద్ రోడ్డు మీద, మిర్యాలగూడ, జడ్చర్ల మెయిన్ రోడ్లలో ఉన్న మడిగెల్లో చాలావరకు ఈ చట్టం బయటే ఉండే వీలుంది. మీ భవనం వయసు, అప్పటి కిరాయి రసీదులు పట్టుకుని వకీలును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

చట్టం బయట ఉన్న మడిగె అయితే "మాకు కిరాయి నిర్ణయించండి" అని పోవడానికి రెంట్ కంట్రోలర్ లేడు. అప్పుడు దారి సివిల్ కోర్టు. అక్కడ వాదన నడిచేది ఖాళీ చేయించడం మీద, గడువు తీరాక మడిగెలో ఉన్న కాలానికి ఎంత నష్టపరిహారం ఇవ్వాలి అన్నదాని మీద. ఆ పరిహారాన్ని కూడా కోర్టు బజార్ కిరాయి ఆధారాలు చూసే తేలుస్తుంది. ఏ దారిలో పోయినా కింద చెప్పబోయే లెక్క మీకు పనికొస్తుంది.

గొడవ నడుస్తుండగా చేయకూడనివి

కిరాయిదారుకు ఒకటే మాట: పాత కిరాయి ఆపవద్దు. "తేలేదాకా కట్టను" అన్నవాళ్లే ఎక్కువగా మునుగుతారు. రెంట్ కంట్రోల్ చట్టం కింద, అగ్రిమెంట్‌లో రాసుకున్న గడువు దాటి 15 రోజుల్లో కట్టకపోయినా, గడువు రాసుకోకపోతే మరుసటి నెల ఆఖరి రోజులోపు కట్టకపోయినా బాకీ కింద లెక్కేస్తారు. ఖాళీ చేయించడానికి అదే కారణమవుతుంది. ఓనరు చేతికి తీసుకోకపోతే ఆయన బ్యాంకు ఖాతాకు పంపండి. ఖాతా నంబర్ ఇవ్వకపోతే, ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కోర్టులో డిపాజిట్ చేసే వీలు ఉందేమో వకీలును కనుక్కోండి. ఫోన్‌పే మెసేజ్ అయినా సరే, ప్రతి నెలకు ఒక గుర్తు మిగలాలి.

ఓనరుకు కూడా ఒకటే మాట: తాళం వేయవద్దు, కరెంటు తీయవద్దు. కోర్టు ఆర్డర్ లేకుండా బలవంతంగా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం తెచ్చుకునే హక్కు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ఇస్తోంది. ఆ దావాలో ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు. మీదే మడిగె అయినా మీరే దోషిలా నిలబడాల్సి వస్తుంది.

టేపు పట్టి కొలవండి

"రెండు షట్టర్ల మడిగె" అంటే కొలత కాదు. లోపలి గోడ నుంచి లోపలి గోడకు ముందు వెడల్పు ఎంత, లోతు ఎంత అని ఇద్దరి ముందర కొలిచి కాగితం మీద రాయండి. మెట్ల కింద జాగా, అటక, వెనక గోదాం వేరుగా రాయండి.

మోరీ మీద బండలు వేసి, ముందు రేకులు దించుకుని పెంచుకున్న జాగాను కొలతలో కలపవద్దు. అది మున్సిపాలిటీది. దాని మీద ఓనరు కిరాయి అడగడం, కిరాయిదారు దాన్ని తన హక్కు అనుకోవడం రెండూ తప్పే. రోడ్డు వెడల్పులో ముందు గోడ పోయిన మడిగెలకు పాత అగ్రిమెంట్ కొలతలు ఇప్పుడు చెల్లవు, మళ్లీ కొలవాల్సిందే.

దుకాణంలో అన్ని అడుగులకూ ఒకే విలువ ఉండదు. సరుకు రోడ్డు మీద పోయే మనిషి కంట పడేది ముందు భాగంలోనే. అందుకే ముందు 12 అడుగుల లోతును పూర్తిగా, ఆ వెనక భాగాన్ని సగంగా లెక్కించడం సబబు. 10 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు ఉన్న మడిగె అనుకోండి. అసలు కొలత 240 చదరపు అడుగులు. ముందు 120 పూర్తిగా, వెనక 120లో సగం 60, కలిపి లెక్కకు వచ్చేది 180. ఇరుకుగా లోపలికి పొడుగ్గా పోయిన పాత బజార్ మడిగెలకు ఇలా లెక్కేయకపోతే కిరాయిదారుకు అన్యాయం జరుగుతుంది. మొదటి అంతస్తు, సెల్లార్ అయితే విలువ ఇంకా తగ్గుతుంది. వాటిని పైన, కింద ఉన్న మడిగెలతోనే పోల్చండి, రోడ్డు మీది షట్టర్‌తో కాదు.

పక్క మడిగెల రేట్లు సేకరించండి

ఈ పనికి ఓపిక కావాలి. అసలు బలం కూడా ఇక్కడే ఉంది. మీ లైన్‌లో, అటూ ఇటూ ఉన్న వీధుల్లో గత ఏడాది, ఏడాదిన్నరలో కొత్తగా ఇచ్చిన మడిగెలు ఏవో తెలుసుకోండి. కొత్తగా దిగినవాళ్లను మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. బ్రోకర్‌ను కూడా అడగండి. కానీ అతను చెప్పేది ఓనర్లు అడిగే రేటు, కుదిరిన రేటు కాకపోవచ్చు. టులెట్ బోర్డు మీద ఫోన్ చేసి విన్న అంకె కూడా అంతే.

ప్రతి మడిగెకూ ఇవి రాసుకోండి: కొలతలు, నెల కిరాయి, అడ్వాన్స్, ఎప్పుడు దిగారు, మూల మీద ఉందా, ముందు బండి ఆపే జాగా ఉందా, నీళ్లు, బాత్రూమ్ ఉన్నాయా. వీలైతే అగ్రిమెంట్ జిరాక్స్ సంపాదించండి. కోర్టు దాకా పోతే నోటి మాట కన్నా ఆ ఒక్క కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

కొన్నింటిని పక్కన పెట్టాలి. పదిహేనేళ్లుగా చుట్టరికం మీదో, స్నేహం మీదో తక్కువకు నడుస్తున్న మడిగె బజార్ రేటు చెప్పదు. మున్సిపల్ కాంప్లెక్స్‌లో వేలంలో పోయిన మడిగె కూడా సూటిగా పోల్చడానికి పనికిరాదు. వేలంలో పంతం మీద పాడిన పాటలు ఉంటాయి. పెద్ద కంపెనీ షోరూమ్‌కు, బ్యాంకుకు, ఏటీఎంకు ఇచ్చిన రేటును కిరాణా కొట్టుకు ముడిపెట్టవద్దు. ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న మెడికల్ షాపు రేటు ఆ నాలుగు షట్టర్లకే ఉంటుంది. నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాక పెద్దాసుపత్రుల దగ్గరి మడిగె రేటు చెప్పి ఊరంతా అదే అడగడం మొదలైంది. ఆసుపత్రి నుంచి అర కిలోమీటరు దూరం పోతే ఆ రేటుకు అర్థం లేదు.

జిల్లాల విభజన కూడా బజార్లను కదిలించింది. 2016లో వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, సూర్యాపేట, 2019లో నారాయణపేట జిల్లా కేంద్రాలయ్యాయి. మొదట్లో ఆఫీసుల చుట్టూ కిరాయిలు పెరిగాయి. కొత్త కలెక్టరేట్ ఊరి బయట కట్టిన చోట పాత ఆఫీసుల దగ్గరి జిరాక్స్ షాపులు, టీ హోటళ్లు జనం లేక వెలవెలబోయాయి. అందుకే రెండు మూడేళ్ల కిందటి రేటు తెచ్చి ఈ రోజు వాదించవద్దు. రేటు పడిపోయిందని కూడా ఆధారాలతో చూపించవచ్చు, అది కిరాయిదారు హక్కు.

అడ్వాన్స్‌ను కిరాయిలో కలిపి లెక్కేయండి

చాలా పంచాయితీల్లో ఈ ముక్క ఎవరికీ గుర్తు రాదు. మూడు లక్షల అడ్వాన్స్‌తో 12 వేల కిరాయి, యాభై వేల అడ్వాన్స్‌తో 12 వేల కిరాయి ఒకటి కావు. అడ్వాన్స్ మీద ఓనరుకు వచ్చే వడ్డీ కూడా కిరాయే. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఏడాదికి 7 శాతం అనుకుంటే లక్షకు నెలకు 583 రూపాయలు. తిరిగి ఇవ్వని గుడ్‌విల్ ఏమైనా కట్టి ఉంటే దాన్ని ఉండబోయే నెలలతో భాగించి కలపాలి.

ఇప్పుడు మొత్తం లెక్క ఒకసారి చేద్దాం. అంకెలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే, మీ బజార్‌లో సేకరించినవి వీటి స్థానంలో వేసుకోండి.

మీ మడిగె 10 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు, లెక్కకు 180 అడుగులు. 2017లో 9,000తో మొదలైంది, అడ్వాన్స్ లక్ష. కిరాయి ఆ తర్వాత పెరగలేదు. 2025లో ఓనరు 20,000 అడుగుతున్నాడు, మీరు 10,000 అంటున్నారు.

అదే లైన్‌లో 10 అడుగులు, 20 అడుగుల మడిగె పోయిన ఏడు 12,000కు పోయింది, అడ్వాన్స్ 2 లక్షలు. వడ్డీ నెలకు 1,167 కలిపితే అసలు కిరాయి 13,167. లెక్కకు వచ్చే జాగా 120కి 40 కలిపి 160. అడుగుకు సుమారు 82 రూపాయలు.

మూల మీద 12 అడుగులు, 25 అడుగుల మడిగె 20,000కు పోయింది, అడ్వాన్స్ 3 లక్షలు. ఓనరు చూపిస్తున్న ఇరవై ఇదే. వడ్డీ 1,750 కలిపి 21,750. జాగా 144కి 78 కలిపి 222. అడుగుకు 98. కానీ రెండు వైపులా రోడ్డు ఉన్న మూల మడిగెకు గిరాకి ఎక్కువ. దానికి 15 శాతం తీసేస్తే అడుగుకు సుమారు 83.

వెనక గల్లీలో మీ అంతే ఉన్న మడిగె 9,500కు పోయింది, అడ్వాన్స్ లక్ష. అడుగుకు 56. కిరాయిదారు చూపించే రేటు ఇదే. కానీ అది గల్లీ, మీది మెయిన్ రోడ్డు. ఇంతకన్నా తక్కువ అడగడానికి వీల్లేదని చెప్పడానికే అది పనికొస్తుంది.

మొదటి రెండూ 82, 83 దగ్గర కలిశాయి. 82.50 చొప్పున 180 అడుగులకు 14,850. మీ లక్ష అడ్వాన్స్ వడ్డీ 583 తీసేస్తే 14,267. వానొస్తే స్లాబు కారుతోందనో, మూడేళ్లుగా ఓనరు బాగు చేయించలేదనో ఉంటే ఇంకొంత తగ్గించుకుని 14,000 దగ్గర మాట్లాడుకోవచ్చు. ఇరవై కాదు, పది కాదు.

ఇంకో వైపు నుంచి సరిచూడండి. 2017లో 9,000 సరైన రేటే అయితే, ఏటా 5 శాతం పెరిగి ఉంటే 2025కి 13,300 అయ్యేది. రెండేళ్లకోసారి 10 శాతం అయినా దాదాపు అంతే, 13,180. మూడేళ్లకోసారి 10 శాతం అయితే 10,890. సుప్రీంకోర్టు 2011లో ఒక కేసులో పాత కిరాయిల గురించి మాట్లాడుతూ మూడేళ్లకోసారి కనీసం 10 శాతం పెంచాలని మార్గదర్శకంగా చెప్పింది. అది అట్టడుగు గీత లాంటిది, బజార్ రేటు అంతకన్నా పైన ఉండవచ్చు. మన లెక్కలో 13,300, 14,267 దగ్గరదగ్గరగా వచ్చాయి కాబట్టి ధైర్యంగా నిలబడవచ్చు. రెండూ చాలా దూరంగా వస్తే పోల్చిన మడిగెల్లో ఏదో తేడా ఉందని అర్థం, మళ్లీ చూడండి.

భూమి ధర మీద శాతం వేసి కిరాయి అడిగే ఓనర్లు కూడా ఉన్నారు. "నా జాగా కోటి పలుకుతోంది, నాకు వచ్చేది ఇంతేనా" అంటారు. మన ఊళ్లలో జాగా ధర రేపటి ఆశ మీద పెరుగుతుంది. ఈ రోజు గల్లా పెట్టెలో పడే డబ్బుతో దానికి పెద్దగా సంబంధం లేదు. ఈ పద్ధతిని నేను నమ్మను. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ, ఇంటిపన్ను రసీదు మీది విలువ పక్క సాక్ష్యంగా ఉంచుకోండి, వాటి మీదే లెక్క నిలబెట్టవద్దు.

ఎవరి కష్టం ఎవరికి

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. కిరాయిదారు తన డబ్బుతో టైల్స్, సీలింగ్, గ్లాసు డోర్ వేయించుకుంటాడు. పదేళ్లు పొద్దున ఆరింటికే షట్టర్ లేపి పేరు తెచ్చుకుంటాడు. అప్పుడు ఓనరు "నీ గిరాకి చూసినం, ఇంత ఇయ్యి" అంటాడు. ఆ గిరాకి మడిగెది కాదు, మనిషిది. అతను వెళ్లిపోతే అది అతనితో పోతుంది. కాబట్టి పోల్చేటప్పుడు మడిగెను ఓనరు ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే చూడాలి. కిరాయిదారు పెట్టుకున్న ఫర్నిచర్ మీద, సంపాదించుకున్న పేరు మీద కిరాయి పడకూడదు.

అలాగే రోడ్డు వేశారు, బస్టాండ్ దగ్గరైంది, పక్కన కాలేజీ వచ్చింది. ఆ పెరుగుదల జాగాది, అది ఓనరుకు న్యాయంగా రావాల్సిందే. "నేను పాతోణ్ని, నాకు పాత రేటే" అని కూర్చుంటే, ఆ కిరాయి మీదే ఇల్లు గడుపుకుంటున్న రిటైర్డ్ టీచర్‌కో, భర్త పోయిన ఆమెకో అన్యాయం చేస్తున్నట్టే. మడిగెల ఓనర్లందరూ షావుకార్లు కారు.

ఓనరు డబ్బు పెట్టి మీటర్ మార్చినా, స్లాబు బాగు చేయించినా, మరుగుదొడ్డి కట్టించినా ఆ ఖర్చుకు తగ్గ పెంపు అడగడం న్యాయమే. ఇంటిపన్ను ఎవరు కట్టాలో కూడా అప్పుడే తేల్చుకోండి.

ఖాళీ అయితే ఎవరికి ఎంత నష్టం

పట్టుదలకు ముందు ఇద్దరూ వేరువేరుగా ఒక కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. 14,000 వచ్చే చోట ఓనరు 16,000 కోసం పట్టుబట్టి కిరాయిదారును పంపించాడనుకుందాం. మడిగె నాలుగు నెలలు ఖాళీగా ఉంటే 56,000 పోతుంది. నెలకు 2,000 చొప్పున ఆ డబ్బు తిరిగి రావాలంటే 28 నెలలు పడుతుంది. కిరాయిదారు వైపు చూస్తే కొత్త అడ్వాన్స్, ర్యాకులు, బోర్డు, ట్రేడ్ లైసెన్స్ అడ్రస్ మార్పు, అలవాటైన గిరాకి సగం పోవడం. విత్తనాలు, ఎరువుల దుకాణమైతే మృగశిర ముందు మారడం అంటే ఆ ఏడాది వ్యాపారం వదులుకోవడమే. బట్టల దుకాణానికి దసరా, పెళ్లిళ్ల ముహూర్తాలు అలాంటివి. గొడవ తేల్చుకోవడానికి సీజన్ అయిపోయాక కూర్చోండి.

కూర్చుని మాట్లాడేటప్పుడు

మీ లెక్క కాగితం రెండు జిరాక్స్‌లు తీసి, ఒకటి ఎదుటివారికి ముందు రోజే ఇవ్వండి. చదువుకునే సమయం దొరికితే మనిషి మెత్తబడతాడు. పెద్దమనుషులను పిలిస్తే ఇద్దరికీ సమ్మతమైన వాళ్లనే పిలవండి, బజార్ వ్యాపారుల సంఘంలో కిరాయిలు తెలిసిన మనిషి ఒకరు ఉంటే మంచిది. "నీ లెక్కలో ఏ అంకె తప్పు?" అని అడగండి. అంకె మీద వాదన నడిస్తే మనిషి మీదికి పోదు.

9,000 నుంచి 14,000కు ఒకేసారి దూకడం దుకాణానికి భారం. అలాంటప్పుడు ఈ ఏడు 12,000, వచ్చే ఏడు 13,000, ఆపైన 14,000, తర్వాత ఏటా 5 శాతం అని మెట్లు వేసుకోండి. ఓనరు ఇంకొంత అడ్వాన్స్ కోరితే, దానికి తగ్గట్టు కిరాయి ఎంత తగ్గాలో పైన చెప్పిన వడ్డీ లెక్కతో చూసుకోండి.

అప్పటికీ కుదరకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి దరఖాస్తు పెట్టవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఊరి పంచాయితీలో రాసుకున్న కాగితం కన్నా ఇది వందరెట్లు గట్టిది, ఖర్చూ దాదాపు లేదు.

కోర్టే దిక్కయితే

వ్యాపారానికే వాడే స్థిరాస్తి ఒప్పందం గొడవ, విలువ 3 లక్షలు, అంతకన్నా పైన ఉంటే వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చే వీలుంది. అర్జెంటు ఆర్డర్ కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. వకీలును ఈ మాట ముందే అడగకపోతే దావా తిరిగి వచ్చి నెలలు వృథా అవుతాయి.

కోర్టులో మీ మాట నిలబడేది పోల్చిన మడిగెల అగ్రిమెంట్ల మీద, రసీదుల మీద, ఆస్తి విలువ కట్టే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ రిపోర్టు మీద. వాల్యుయర్‌కు మీ అంకె చెప్పి "ఇంత రాయి" అనకండి. ఎదుటి వకీలు ప్రశ్నలకు ఆ రిపోర్టు పది నిమిషాలు కూడా నిలవదు. ఖాళీ చేయాలని డిక్రీ వచ్చాక అప్పీలు పేరుతో పాత కిరాయికే ఉండిపోదామని కిరాయిదారు అనుకోవద్దు. స్టే ఇచ్చేటప్పుడు బజార్ రేటు ప్రకారం కట్టమని షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2004 డిసెంబర్‌లోనే చెప్పింది.

కుదిరాక రాసుకోవాల్సినవి

తేలిన కిరాయిని మూడు నుంచి ఐదేళ్లకు రాసుకుని రిజిస్టర్ చేయించండి. ఆ ఖర్చు చెరిసగం పెట్టుకోవచ్చు. మడిగె కొలతలు, ఏటా పెంపు ఎంత, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, పెద్ద మరమ్మతు ఎవరిది, సున్నం, రంగులు ఎవరివి, ఖాళీ చేసేటప్పుడు కిరాయిదారు ఏమేం విప్పుకుని పోవచ్చు, రోడ్డు వెడల్పులో కొంత జాగా పోతే కిరాయి ఎలా తగ్గుతుంది అన్నవన్నీ రాయండి.

పన్నుల మాట కూడా అందులో ఉండాలి. వ్యాపార కిరాయి మీద జీఎస్టీ 18 శాతం. ఓనరుకు జీఎస్టీ నంబర్ లేకుండా, కిరాయిదారుకు రెగ్యులర్ నంబర్ ఉంటే 2024 అక్టోబర్ 10 నుంచి ఆ పన్ను కిరాయిదారే కట్టాలి, తర్వాత తన పన్నులో సర్దుకోవచ్చు. కాంపొజిషన్‌లో (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న వ్యాపారికి ఈ భారం 2025 జనవరి 16 నుంచి లేదు. చెప్పిన కిరాయిలో పన్ను కలిసి ఉందా, వేరా అన్నది రాయకపోతే మొదటి నెలలోనే మళ్లీ గొడవ మొదలవుతుంది. నెల కిరాయి 50,000 దాటితే టీడీఎస్ (కిరాయిలోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) సంగతి మీ ఆడిటర్‌ను అడిగి, కోసిన మొత్తానికి సర్టిఫికెట్ ఓనరుకు ఎప్పుడు ఇస్తారో కూడా అగ్రిమెంట్‌లోనే ఒక వాక్యం రాయించండి.